నాన్న చదివిన ప్రూఫు

ఆయన ముప్పై ఏళ్లు పత్రికాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైనవాడు. తల్లి లేని కూతుర్ని ఒంటిచేత్తో పెంచాడు. ఆమె అదే పత్రికకు యుద్ధవార్తలు రాసేది. పిడికెడు మనిషి, గంపెడు మొండితనం. ఎక్కడ ఫిరంగులు మోగితే అక్కడికి సంచీ భుజాన వేసుకుని బయలుదేరేది.

ఆమె వార్త అచ్చయిన ఉదయం ఆయన ఎర్ర పెన్సిలు పట్టుకుని చదివి, ఫోన్ చేసేవాడు.

"మూడో పేరాలో ఒత్తు ఎగిరిపోయింది, తల్లీ."

"ఇక్కడ ఇళ్లకి కప్పులే ఎగిరిపోయాయి నాన్నా, నీకు ఒత్తు కావాలా?"

"కప్పులు నేను వేయలేను కదమ్మా. భయమేస్తోందా?"

"వేస్తోంది."

"వేస్తే మంచిదే. ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉంటావు."

సైన్యాధికారుల గొప్పలు రెండు వాక్యాల్లో తేల్చేసి, నేలమాళిగల్లో తలదాచుకున్నవాళ్ల గురించే ఆమె పేజీ నింపేది.

ఒక ఊళ్లో ఆసుపత్రి ఖాళీ చేయిస్తుండగా, నడవలేని ముసలమ్మ మెట్ల మీదే కూలబడింది. అప్పటికే కారెక్కిన ఆయన కూతురు అది చూసి దిగిపోయింది. ముసలమ్మను ఎత్తుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టింది. తాను ఎక్కేలోపే ఫిరంగి గుండు పడింది.

సంతాప వ్యాసం ప్రూఫును ఎడిటర్ స్వయంగా ఇంటికి తెచ్చాడు.

"మీరు చూడకుండా అచ్చు వేయబుద్ధి కాలేదండీ."

ఆయన కళ్లజోడు రెండుసార్లు తుడుచుకుని చదివాడు. 'భయమెరుగని' అన్న మాట కొట్టేశాడు.

"అబద్ధం బాబూ. నా బంగారుతల్లికి భయం ఉండేది. భయపడుతూనే వెళ్లేది. అదే రాయండి."

నెల తర్వాత, ఆమె కారు నడిపిన డ్రైవరు చేతికి కట్టుతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నేను ఆపాల్సిందయ్యా."

"దాన్ని ఆపడం కన్నతండ్రి వల్లే కాలేదు, నీ వల్ల ఏమవుతుంది? లోపలికి రా నాయనా. ఆ పెద్దావిడ..?"

"బతికిందయ్యా. మా ఇంట్లోనే ఉంది. కారు తోలడం రాదని రోజూ నన్ను తిడుతుంది."

ఆయనకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. డ్రైవరు బాగున్న చేత్తో ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

ఆయన కుర్చీ దగ్గరగా జరుపుకున్నాడు.

"ఆ రోజు పొద్దున్న అమ్మాయి ఏమైనా తిన్నదా? మొదట్నుంచీ చెప్పు."