రెండో గేరు గోల

మా అత్తయ్య సుమినాహ్‌కి కారు వేగం కళ్ళతో తెలియదు, చెవులతోనే తెలుస్తుంది. ఇంజను గట్టిగా అరిచిందంటే కొడుకు జోరుమీద ఉన్నాడని ఆవిడ లెక్క. ఆ లెక్క తప్పని చెప్పడం మా మామగారి వల్లే కాలేదు, ఇక నావల్ల ఏమవుతుంది?

చాంగర్ వేడినీటి మడుగులో ఆవిడ మోకాళ్ళు నానబెట్టుకున్నాక కింద ఉన్న పచెత్ ఊరి వైపు కొండ దిగుతున్నాం. మా ఆయన వాసిస్ రెండో గేరు వేశారు. ఇంజను గోల మొదలుపెట్టింది.

"ఎందుకురా అంత జోరు? నెమ్మదిగా పోనీ," అన్నారు అత్తయ్య వెనకసీట్లోంచి.

"నెమ్మదిగానే పోతున్నానమ్మా. గేరే బండిని పట్టి ఉంచుతోంది. ఊరికే బ్రేకులు తొక్కుతూ పోతే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి."

"వేడెక్కితే గాలికి చల్లారతాయిలే. నా గుండెదడ ఎవరు చల్లారుస్తారు?"

మా జావాలో కొడుకు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా తల్లికి 'ఇంగ్గి' అనే చెప్పాలి, అంటే చిత్తం అని. ఈయనా అదే అని నాలుగో గేరుకు మార్చారు. కారు చప్పుడు తగ్గింది. అత్తయ్య స్థిమితపడి సంచీలోంచి ఉడికించిన వేరుశెనగ తీసి నాకిచ్చారు. మా ఆయన కాలు మాత్రం బ్రేకు మీంచి లేవలేదు.

"ఏమండీ, మాడు వాసన వస్తోంది."

"మొక్కజొన్న కాలుస్తున్నారే. నీకెప్పుడూ తిండి ధ్యాసే," అన్నారు అత్తయ్య.

రోడ్డు పక్కన కంకుల బళ్ళు ఉన్న మాట నిజమే. కానీ అది తిండి వాసన కాదు. వేడెక్కిన బ్రేకుల మీద పొయ్యడానికి మలుపులో నీళ్ళ బకెట్లతో నిలబడే వాలంటీరు ఒకతను మా చక్రాలు చూసి, "పొగ వస్తోంది, ఆపండి," అని చేతులూపాడు.

మా ఆయన ఆపబోయారు. పెడలు కారు అడుగుదాకా దిగిపోయింది. తక్కువ గేరు వెయ్యబోతే పడలేదు. చేతిబ్రేకు లాగితే కంపు పెరిగిందే గానీ వేగం తగ్గలేదు. ఎడమపక్క లోయ. ఆ పక్కనే నేను, నా వెనక అత్తయ్య. కుడిపక్క, అంటే ఆయన పక్క, కొండ.

"అమ్మని పట్టుకో," అన్నారు. నేను వెనక్కి చెయ్యి చాపి అత్తయ్య చెయ్యి పట్టుకున్నాను. అంతకన్నా నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. ఆయన స్టీరింగు కుడివైపు తిప్పి కారును కొండకు గుద్దేశారు.

అత్తయ్యకు గీత కూడా పడలేదు. ఆయన కుడికాలు మోకాలి కింద నుజ్జయి, నొక్కుకుపోయిన తలుపు దగ్గర ఇరుక్కుంది. వాలంటీర్లు పరుగెత్తుకొచ్చి గునపంతో తలుపు పెకలిస్తున్నారు. అత్తయ్య వెనకనుంచి ముందుకు వంగి కొడుకు జుట్టు నిమురుతూ వాళ్ళతో అన్నారు:

"నా మాట విని నెమ్మదిగా నడిపాడు నాయనా. మొదటి జోరుమీదే వచ్చుంటే ఈపాటికి ముగ్గురం లోయలో ఉండేవాళ్ళం."

నాకు ఒళ్ళు మండిపోయింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన నా చెయ్యి నొక్కి వద్దన్నారు. ఆ నొప్పిలోనూ. నేను ఏడుస్తుంటే అత్తయ్య రెండో చెయ్యి చాపి నా భుజం నిమిరారు.

"భయపడకే పిచ్చిదానా, నేనున్నాగా."