నాకు గుర్రం ఒక్కటే వచ్చు

మా అక్క ఇంట్లో చదరంగం ఒంటరిగా ఆడుకునేది. తెల్లవైపు ఒక ఎత్తు వేసి, బల్ల చుట్టూ తిరిగొచ్చి నల్లవైపు ఇంకో ఎత్తు. పక్కనే చెల్లెలంటూ ఒకతి ఉందన్న ధ్యాసే లేదు. "నాతో ఆడవే" అని బతిమాలితే, "ముందు మా క్లబ్బులో సీటు తెచ్చుకో, అప్పుడు చూద్దాం" అనేది. అంత పొగరు! ఆ మాట పట్టుకునే బడిలో చదరంగం క్లబ్బుకి పేరిచ్చాను.

క్లబ్బు నడిపేది డ్రిల్లు మాస్టారు. కూర్చోబెట్టి నేర్పడం ఆయన వల్ల కాదు. వరండాలో పరిచిన నల్ల పలకల మీదా తెల్ల పలకల మీదా మమ్మల్నే నిలబెట్టి, ఈల ఊది నడిపించేవారు. వారానికో వేషం. మొదటి వారం నేను గుర్రాన్ని. రెండు ముందుకి, ఒకటి పక్కకి, మధ్యలో ఎవరున్నా వాళ్ళ మీంచి దూకడమే! ఆ ఆనందంలో మిగతావాళ్ళు ఏం చేస్తున్నారో చూస్తే కదా. ఇంట్లో కూడా వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా అలాగే గెంతాను.

రెండో వారం ఏనుగు కావాల్సినదాన్ని, గవదబిళ్ళలొచ్చి మంచం ఎక్కాను. మొహం గుమ్మడికాయంత అయింది. తగ్గి బడికెళ్ళేసరికి వేషాలన్నీ అయిపోయి, పరీక్ష రోజొచ్చింది.

"బల్లలు తక్కువ, మీరు ఎక్కువ" అన్నారు మాస్టారు. "పెద్దపిల్లలతో ఆడండి. గంట కొట్టేదాకా ఓడనివాళ్ళు ఇక్కడుంటారు. మిగతావాళ్ళు చేతిరాత క్లాసుకి!"

నాకెదురుగా ఎవరొచ్చి కూర్చున్నారనుకున్నారు? సాక్షాత్తూ మా అక్క. చచ్చాన్రా దేవుడా అనుకున్నాను.

"మాస్టారూ, నాకు గుర్రం ఒక్కటే వచ్చండీ."

"అయితే దాంతోనే ఆడు" అని ఆయన పక్క బల్లకి వెళ్ళిపోయారు.

సరే, గుర్రాన్నే దూకించాను. అక్క పళ్ళికిలించి, రాజు ముందున్న బంటుని రెండు గళ్ళు తోసింది. నా గుర్రం బోర్డు మధ్యకి దూకింది. అక్క తన గుర్రాన్ని తెచ్చి రాజు ముందు కాపలా పెట్టింది. రెండో గుర్రం అలుగుతుందేమోనని దాన్నీ బయటికి తెచ్చాను.

"దీనికి నిజంగానే ఇంకేం రావు!" అని అక్క పక్కబల్ల వాళ్ళకి చెప్పి నవ్వుతూ, బోర్డు వైపు సరిగ్గా చూడకుండానే, తన గుర్రం ఖాళీ చేసిన గడి ముందున్న బంటుని ఒక్క గడి జరిపింది.

నా కాళ్ళు బల్ల కింద వాటంతటవే కదిలాయి. రెండు ముందుకి, ఒకటి పక్కకి. అక్కడినుంచి ఇంకో దూకు దూకితే రాజు నెత్తి మీదే!

మధ్యలో ఉన్న గుర్రాన్ని అలాగే దూకించి, "చెక్!" అని అరిచాను. గుర్రం వేషంలో నేర్చుకున్న అరుపే.

"అరవకే" అంటూ అక్క రాజు మీద చెయ్యి వేసింది. కదపలేదు. చుట్టూ తన సైన్యమే, అడుగు పెట్టేందుకు ఒక్క గడి లేదు. నా గుర్రాన్ని చంపుదామని మంత్రిని పట్టుకుంది. దారిలో తన గుర్రమే అడ్డం. అక్క నవ్వు ఆగిపోయింది. మాస్టారు వచ్చి వంగి చూసి, ఈల గట్టిగా ఊదారు.

"చెక్‌మేట్! సీటు నీదే!"

నేను గెలిచానా? గెలిచాననే అన్నారు! బెంచీ ఎక్కాను, దిగాను, మాస్టారి ఈల లాక్కుని ఊదాను కూడా. సంతోషంతో పిచ్చెక్కినంత పనైంది. తీరా చూస్తే అక్క మొహం ఎర్రగా కందిపోయి ఉంది. ఏడుస్తుందనుకుని ఊదడం ఆపాను.

అక్క నా చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. ఒక్కొక్క పావూ తీసి నావైపు పేర్చసాగింది.

"ఇంకో ఆట" అంది. "ఇంటికెళ్ళాక ఇంకోటి. రేపు కూడా."

"నాకు మిగతావి రావక్కా."

"నేను నేర్పుతాను కదే" అని ఒక ఒంటెని తీసి నా అరచేతిలో పెట్టింది.