ఒక సైజు పెద్ద రెయిన్‌కోటు

గుట్ట ఎక్కుదామన్నది మా ఆయన నథానియేల్. కొల్హార్ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే మనిషికి ఒక శనివారం సెలవు దొరికితే ఇంట్లో కాళ్లు చాపుకొని పడుకోవాలి కదా. లేదు, పిల్లలకు కొండ చూపించాలట. బీదర్‌లో పుట్టిన పిల్లలకు ఎర్రరాళ్ల గుట్టలో కొత్తగా చూపించేదేముంది? అదీ ఆగస్టు ముసురులో. అనవలసినవన్నీ అన్నాను. అని, పొద్దున్నే లేచి జొన్నరొట్టెలు, వంకాయ కూర కట్టాను.

రెయిన్‌కోటు ముందురోజు బజార్లో నేనే కొన్నాను. ఆరేళ్ల ఫెబాకు ఒక సైజు పెద్దది తీసుకున్నాను, వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందని. ఏ తల్లైనా అదే చేస్తుంది. తొడిగి చూస్తే టోపీ ముక్కు దాకా దిగింది. చేతులు వేళ్లు కనపడనంత పొడుగు.

"నాకేం కనిపిస్తలేదు అమ్మా" అంది.

"కిందికి చూసుకుంట నడువు, చాలు" అన్నాను.

పసుపు రంగు కోటు. ఆ దుకాణంలో పిల్లల కోట్లన్నీ పసుపువే.

మా ఫెబా నోరు ఊరుకోదు. గుట్ట మొదట్లోనే మొదలుపెట్టింది. వాన పడితే చీమలకు జలుబు చేస్తదా, ఈ రాళ్లను ఎర్రగ ఎవరు చేసిండ్రు, మబ్బుల నడుస్తే బట్టలు తడుస్తయా. నేను రోజంతా పళ్ల డాక్టరు దగ్గర కూర్చుని పేషెంట్ల పేర్లు పిలుస్తాను. ఇంటికొచ్చేసరికి ఇంకొకరి మాట వినే ఓపిక ఉండదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క ఫెబాకు తప్ప.

"నోరు మూసుకొని నడువు. కింద పడితే లేపను" అన్నాను.

నాలుగేళ్ల మోసెస్ వాళ్ల నాన్న భుజాల మీద ఉన్నాడు. వాడికి ఏ బాధా లేదు.

గుట్ట సగంలో వాన జోరందుకుంది. అక్కడ ఒక పెద్ద బండ గొడుగులా ముందుకు వంగి ఉంటుంది. దాని కిందకు ఎక్కడివాళ్లక్కడ దూరారు. కాలేజీ పిల్లలు కొందరు, మరాఠీ మాట్లాడే ఒక కుటుంబం, మేము. ఇంకో రెండు మూడు పసుపు కోట్లు కూడా కనిపించాయి. "చూసినవా, అందరు ఇవే కొన్నరు" అని మా ఆయనకు గర్వంగా చూపించాను.

వాన కాస్త తగ్గగానే అందరూ ఒక్కసారే బయలుదేరారు. మబ్బు దిగి నాలుగడుగుల అవతల మనిషి కనపడటం లేదు. దారి అక్కడ రెండుగా చీలుతుంది. ఒకటి నిటారుగా పైకి, ఇంకోటి పాత క్వారీ గోతుల పక్క నుంచి చుట్టూ తిరిగి. మేము నిటారు దారి పట్టాం. నా పక్కనున్న పసుపు కోటు చెయ్యి అందుకుని లాగాను. చెయ్యి కూడా కాదు, చెయ్యి ఉన్న గుడ్డ చివర.

దారి పొడుగునా నా పని నేను చేశాను. నీళ్లల్ల కాలు పెట్టకు, చెప్పు ఈడ్చకు, ముళ్ల దిక్కు పోకు. ఆశ్చర్యం, పిల్ల ఎదురు చెప్పలేదు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చెప్పినచోట అడుగు వేసింది.

"చూడు, గట్టిగ చెప్తే ఎట్ల వింటదో" అన్నాను మా ఆయనతో.

"అక్క ఏది?" అన్నాడు మోసెస్ పైనుంచి.

"ఈడనే ఉన్నది కదరా. నువ్వు ఊకో."

పైకి చేరేసరికి వాన ఆగింది. తడవని చోటు చూసుకుని రొట్టెల మూట విప్పాను. "ఇగ టోపీ తీయి, తిందువు రా" అన్నాను.

టోపీ తీసింది. నుదుట నల్లటి గుండ్రటి బొట్టు.

నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్తే నవ్వుతారు. చర్చికి పోయే ఇంటి పిల్లకు బొట్టు ఎవరు పెట్టారు అనుకున్నాను. బండ కింద ఎవరో ముద్దుకు పెట్టి ఉంటారు, తుడిచేద్దామని కొంగు కూడా తీశాను. కొంగు నుదుటి దగ్గరకు పోయాక కళ్లు చూశాను. ఆ కళ్లు మా ఫెబావి కావు.

"నేను అప్పుడే అడిగిన" అన్నాడు మోసెస్.

మా ఆయన కన్నడంలో పేరు అడిగాడు. విద్య అని చెప్పింది. మీ అమ్మ ఎక్కడ అంటే మబ్బులోకి చెయ్యి చూపించింది. ఇంకోసారి అడిగితే ఇంకో వైపు చూపించింది. భయపడ్డట్టు కూడా లేదు, రొట్టె వైపు చూస్తోంది. చేతికిస్తే తినసాగింది.

ఫెబా గొంతు చివరిసారి ఎక్కడ విన్నాను? బండ కిందనా, అంతకు ముందా? ఎక్కడి దాకా నా బిడ్డను తిట్టాను, ఎక్కడి నుంచి పరాయి బిడ్డను తిట్టాను? ఎంత వెనక్కి పోయి వెతికినా నా గొంతే వినిపిస్తోంది, దానిది వినిపించడం లేదు. ఆ రెండో దారి పక్కన గోతులు వాననీళ్లతో నిండి ఉంటాయి. టోపీ ముక్కు మీద ఉన్న పిల్లకు గొయ్యి ఎక్కడ కనిపిస్తుంది? కిందికి చూసుకుంట నడువు అన్నది నేనే. ప్రార్థన చేద్దామంటే ప్రభువా అన్న ఒక్క మాట దాటి నాలుక కదలలేదు.

"జల్ది నడువు షైనీ, ఆ బండ కాడికే పోదాం. ఈ పిల్ల వాళ్లు గూడ ఆడికే వస్తరు" అన్నాడు మా ఆయన. ఫోన్లో సిగ్నల్ లేదు. అన్నీ అక్కడే వదిలి దిగాం.

"ఫెబా" అని అరుస్తూ దిగాను. మబ్బులో నా అరుపు ఎటు పోతోందో తెలియలేదు. కాసేపటికి ఎవరో ఆడమనిషి "విద్యా" అని అరవడం వినిపించింది. ఒకసారి కింద నుంచి వచ్చినట్టు, ఒకసారి పక్క నుంచి వచ్చినట్టు. నేను చెయ్యి పట్టుకున్న పిల్ల ఆ గొంతు విని మొదటిసారి ఏడ్చింది. దానితో నేనూ ఏడ్చాను.

విద్య అమ్మానాన్నలు బండ దగ్గర కలిశారు. భాల్కి నుంచి వచ్చినవాళ్లు, తండ్రి పేరు తుకారాం. ఆయన భార్య చెయ్యి పట్టుకొని మా ఫెబా. ఒంటి మీద గీత కూడా పడలేదు. పిల్లలు అటువాళ్లటు, ఇటువాళ్లిటు పరుగెత్తారు. ఆమె మరాఠీలో ఏదో చెప్తూ ఏడ్చింది, నేను తెలుగులో ఏదో చెప్తూ ఏడ్చాను. ఎవరు ఎవరిని ఏమంటాం? ఆమె కూడా దారంతా నా బిడ్డ చెయ్యి పట్టుకొని తన బిడ్డే అనుకుంది. మగవాళ్లిద్దరూ ఒకరికొకరు నమస్తే పెట్టుకుని తల దించుకున్నారు.

మేము దిగడం మొదలుపెట్టాక ఆగలేక అడిగాను.

"నీ చెయ్యి పట్టుకున్నది నేను కాదని నీకు ఎప్పుడు తెలిసింది ఫెబా?"

"జెర్ర దూరం పోయినంక."

"టోపీల నుంచి కనిపిచ్చిందా?"

"లేదు. నేను నీళ్లల్ల కాలు పెట్టిన. ఏమనలే."

"మరి ఆమెకు చెప్పలే?"

"ఆ ఆంటీ చెయ్యి పట్టుకొని పాట పాడుకుంట నడిచింది అమ్మా. మాట్లాడితే దొరికిపోతనని ఊకున్న."

ఊరుకోవడమంటే ఏమిటో తెలియని పిల్ల. నేను ఎన్నిసార్లు చెప్పినా ఊరుకోని పిల్ల. దొరికిపోతనని అంతసేపు నోరు మూసుకుని నడిచింది. కోపం రావాలో ఏడుపు రావాలో నాకు అర్థం కాలేదు. మా ఆయన వైపు చూశాను. ఆయన మోసెస్ చెప్పు సరిచేస్తున్నట్టు నటిస్తున్నాడు.

మళ్లీ తుంపర మొదలైంది. దాని తలకు టోపీ వేసి, పొడుగు చేతిని రెండు మడతలు మడిచాను. లోపలి నుంచి వేళ్లు బయటికి వచ్చాయి. ఆ వేళ్లు పట్టుకున్నాను. ముందు నీళ్లగుంట ఉంది.

"జర చూసుకొని అడుగెయ్యి బిడ్డా" అన్నాను.

ఫెబా ఆగింది. రెండో చేత్తో టోపీ అంచు ఎత్తి, నేనేనా కాదా అని నా మొహంలోకి చూసింది.