నా మొహం గోడెక్కిన రోజు

మా తమ్ముడు నా బొమ్మ వేస్తున్నాడని లాండ్రీలో ఊదరగొట్టింది నేనే. నాతోపాటు ఇస్త్రీ చేసే ఆడవాళ్ళంతా చూడ్డానికి వస్తామన్నారు. కొత్త చిత్రకారులు కలిసి పెట్టుకుంటున్న ప్రదర్శన అది. వాడికి దక్కింది ఒక్క గోడ. ప్రదర్శన మొదలయ్యే రోజు మధ్యాహ్నంలోగా బొమ్మ తగిలించకపోతే ఆ గోడ కూడా ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"ఇదీ పోతే ఇక బ్రష్షు ముట్టనక్కా," అంటూ తిండీ నిద్రా మానేశాడు. అందుకే పని నుంచి వచ్చి, నడుం లాగేస్తున్నా, వాడి ముందు కదలకుండా కూర్చునేదాన్ని.

తీరా ఆ రోజు బొమ్మను తీసుకెళ్ళే వ్యాను ముందే వచ్చేసింది. నూనె రంగు పైపైన ఆరినట్టే ఉంటుందట, లోపల పచ్చిగానే ఉంటుందట. తొందరలో మా మహానుభావుడు అంచు మీద వేలితో తాకి చూసి, ఆరిందనుకుని బుడగల ప్లాస్టిక్ చుట్టి తాడు బిగించేశాడు.

గ్యాలరీలో విప్పితే ప్లాస్టిక్‌తోపాటు నా మొహం ఊడొచ్చింది. ఒక కన్ను, ముక్కు, నోరు పోయాయి. మిగిలినచోటంతా గుండ్రటి గుంటలు. వాడు రంగులు కలిపే చాకుతో సర్దబోయాడు. చాకు జారి, ఉన్న కన్ను కూడా చెదిరింది. నేల మీద చతికిలబడి, "అంతా అయిపోయిందక్కా," అన్నాడు.

అప్పుడే గ్యాలరీ మేడమ్ వచ్చి బొమ్మ ముందు నిలబడిపోయింది. "దీన్నిక ముట్టుకోకు బాబూ. మొహం లేకపోవడమే దీని బలం. వాకిలికి ఎదురుగా పెడదాం."

వాడు నావైపు చూశాడు. ఆ చూపులో సిగ్గుంది, ఆశ కూడా ఉంది. నాకు ఒళ్ళు మండింది. అయినా, "చూస్తావేం, తగిలించు," అన్నాను.

సాయంత్రం జనం వాడి చుట్టూ మూగారు. లాండ్రీ వాళ్ళు ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. గోడలన్నీ వెతికి, ఆ బొమ్మను కూడా దాటిపోయి, "ఏదే నీ బొమ్మ?" అని అడిగారు.

"బాగా రాలేదని మావాడు పెట్టలేదు," అన్నాను.

"అయ్యో, అన్ని రోజులు కూర్చోబెట్టుకుని ఇదేం పనే," అంది వాళ్ళలో పెద్దావిడ, వాడికి వినబడేలాగే. పొగుడుతున్నవాళ్ళ మధ్య నుంచి వాడు నన్ను చూశాడు. చెప్పొద్దని తల అడ్డంగా ఊపాను.

వాడు చెప్పలేదు.