కాకెంగిలి

మేనత్త నోరు సరిగ్గా తెరుచుకోక చాలా ఏళ్ళయింది. ఎప్పుడో మెట్ల మీంచి జారిపడితే దవడ కీలు దెబ్బతిని, మెల్లమెల్లగా బిగుసుకుపోయింది. పళ్ళ సందున చెంచా కొన కూడా దూరదు. జావ పీల్చుకుంటూ బతుకుతోంది. పళ్ళు బిగించి మాట్లాడుతుంది కాబట్టి ముద్దు చేసినా తిట్టినట్టే ఉంటుంది, కొత్తవాళ్ళు హడలిపోతారు.

దవడ డాక్టరు ఆ కీలు విడదీస్తానన్నాడు. చిక్కల్లా మత్తు దగ్గరే. నోరు తెరవలేని మనిషికి ముందే మత్తిస్తే ఊపిరి ఆగే ప్రమాదముంది. అందుకని మెలకువగా ఉండగానే కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని, అంటే బ్రాంకోస్కోపును, ముక్కులోంచి గొంతులోకి దింపి, దాని మీదుగా శ్వాసగొట్టం జార్చాలి. "చేస్తే మా పిట్టే చెయ్యాలి, లేకపోతే ఈ నోరు ఇలాగే ఉండనీండి" అని అత్త భీష్మించుకుంది. పిట్ట అంటే అత్త మేనకోడలు, ఆ ఆసుపత్రిలోనే మత్తు డాక్టరమ్మ. తల్లి పోయాక ఈ అత్త చేతుల్లోనే పెరిగింది.

ఆపరేషన్ రోజు ఉదయం అత్త మంచం పక్కన బల్ల మీద రెండు స్కోపులున్నాయి. ఒకటి పాతది, ప్రతిసారీ కడిగి, మందునీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి మళ్ళీ వాడేది. రెండోది కవరు విప్పనిది, ఒక్కసారి వాడి పారేసేది.

హెడ్ నర్సు కొత్తదాని పక్షం. "ఎంత కడిగినా లోపల ఏ మూల ఏం మిగిలిందోనన్న బెంగ దీనికి లేదు కదా మేడం" అంది.

ఆ మాటలో తప్పు లేదు. కానీ పాతదాంట్లో బొమ్మ ఇంకా తేటగా కనిపిస్తుంది, పిట్ట వేలు ఎటంటే అటు తిరుగుతుంది. కొత్తది ఆమె చేతికి ఇంకా చుట్టపుచూపుగా వచ్చిన మనిషే.

అత్త దవడ బిగుసుకుంది గానీ చెవులు బిగుసుకోలేదు.

"అది ఎంతమంది గొంతులో దూరొచ్చిందే?"

"శుభ్రంగా కడిగారత్తా. మనింట్లో గిన్నెలు కూడా అంత శుభ్రంగా ఉండవు."

"కడిగితే ఎంగిలి పోతుందా? నాకు ఆ కవర్లోదే పెట్టు."

వేరే మనిషైతే పిట్ట నిశ్చింతగా సరేననేది. కానీ ఇది అత్త గొంతు. కాస్త రక్తం చిమ్మితే చాలు, కెమెరాకి దారి కనబడదు. ఉన్న ఒక్క అత్తని తన చేతులతోనే పోగొట్టుకుంటానేమోనని ఆమెకి భయం వేసింది. అయినా "సరే, నీ ఇష్టం" అని కవరు అందుకుంది. చింపబోయిన చెయ్యి కవరు అంచు దగ్గరే ఆగిపోయింది. అత్త ఆ చెయ్యినే చూస్తోంది.

"పిట్టా, నిజం చెప్పు. నీ చెయ్యి దేనికి అలవాటు?"

"పాతదానికే."

అత్త పాతదాన్ని ఎగాదిగా చూసింది.

"అయితే అదే పెట్టు. కాకెంగిలి అనుకుంటాలే."

పిట్టకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చిన్నప్పుడు గట్టి జామకాయ తన పళ్ళకి లొంగకపోతే, అత్త దాన్ని కొంగులో చుట్టి కటుక్కున కొరికి సగం చేతిలో పెట్టేది. కాకెంగిలికి దోషం లేదే, తిను అనేది.

కవరు నర్సు చేతికిచ్చి, అవసరమైతే విప్పమంది. ముక్కూ గొంతూ తిమ్మిరెక్కే మందు వేసి పాత స్కోపు దింపింది. తెర మీద అంతా ఎరుపు, నురగ. కొంచెం వెనక్కి తీసి, వేలితో కొన తిప్పింది. అప్పుడు కనిపించాయి, ఊపిరితో పాటు కదులుతున్న రెండు తెల్లని గొంతు తీగలు. తనకి జోల పాడిందీ, తనని తిట్టిందీ, పిట్టా అని పిలిచిందీ ఇవే. ఆమె కళ్ళు చెమర్చాయి గానీ చెయ్యి ఆగలేదు.

"గట్టిగా ఊపిరి పీల్చత్తా."

తీగలు విచ్చుకున్నాయి. స్కోపు వాటి మధ్యనుంచి దిగింది, దాని మీదుగా గొట్టం జారింది. అప్పుడు మత్తిచ్చి, అత్త కళ్ళు పూర్తిగా మూతపడేదాకా నుదురు నిమురుతూ నిలబడింది.

కీలు విడదీశాక దవడకి రోజూ వ్యాయామం చేయించగా చేయించగా నోరు వేళ్ళు పట్టేంత తెరుచుకుంది. ఇక గట్టివి కొరకవచ్చని దవడ డాక్టరు చెప్పిన రోజున అత్త వంటింట్లో జామకాయ తీసుకుని, ఆత్రం కొద్దీ అలాగే కటుక్కున కొరికేసింది. మిగతాది మేనకోడలి చేతిలో పెట్టాక గానీ గుర్తు రాలేదు.

"అయ్యో, కొంగు అడ్డం పెట్టుకోలేదే. ఎంగిలైపోయింది, ఇటియ్యి."

పిట్ట అప్పటికే నోట్లో పెట్టేసుకుంది.