షట్టర్ కింద జడ్సన్ వేళ్లు

మొదటి దెబ్బ జడ్సన్ చెవి మీద పడింది. రెండోది ముక్కు మీద. మూడోదానికి అతను కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. వెనకున్న అద్దాల బీరువా పగిలి మౌసులూ చార్జర్లూ అందరి మీదా రాలాయి. కొట్టినవాడు నా మేనల్లుడు పెంచలకృష్ణ. కొట్టించింది, నిజం చెప్పాలంటే, నేను. ఆ సంగతి అప్పటికి నాకూ తెలియదు.

నా పేరు హజరత్తయ్య. మా అక్క పిల్లలకే కాదు, కోట మండలంలో సగం మందికి హజరత్తు మామనే. ఎనిమిదో తరగతి మూడుసార్లు చదివి, ఆ పుస్తకాలంటే నాకెంత ఇష్టమో పంతుళ్లకు చూపించి బయటికొచ్చాను. రొయ్యల గుంటల దగ్గర కాపలా, నీళ్లు చిలికే ఏరియేటర్ల మరమ్మతు నా పని. మిగతా టైమంతా జనాన్ని ఆటపట్టించడమే. గుంటలో మొసలి పడిందని ఊరినంతా కర్రలతో పరిగెత్తించాను. కరెంటు కొట్టి చచ్చినట్టు షెడ్డులో పడుకుని మా అక్క చేత గుండెలు బాదించాను. అందుకే నేను నిజం చెప్పినా జనం ముందు నా మొహంలో నవ్వుందా లేదా అని వెతుకుతారు.

వరసగా రెండు పంటల రొయ్యలు తెల్లమచ్చ తెగులుకి పోయాక, మా అక్క ఇంట్లో నిలబడి ఉన్నది వినీల ఉద్యోగం ఒక్కటే. పెంచలకృష్ణ చెల్లెలు. ఇంట్లోనే కూర్చుని ఎక్కడో సిటీలో ఉన్న కంపెనీకి ఆస్పత్రి కాగితాలు టైపు చేస్తుంది. ఉదయం తొమ్మిది లోపల లాగిన్ కావాలి. కాగానే ల్యాప్‌టాప్ ఆమె ఫొటో తీసి కంపెనీకి పంపుతుంది. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే ఇక రానక్కర్లేదు.

ల్యాప్‌టాప్‌లో పాత హార్డ్ డిస్క్ ఉబ్బసం రోగిలా గురగురలాడుతుంటే, కోటలో జడ్సన్ కంప్యూటర్ల షాపుకి తీసుకెళ్లి కొత్త ఎస్సెస్డీ డిస్కు వేయించింది. వేసిన రోజు షాపులో పన్నెండు సెకన్లలో తెరుచుకుందట. ఇంటికొచ్చి అందరికీ చూపించి మురిసిపోయింది. ఆ మురిపెం చూశాక నా చెయ్యి ఊరుకోలేదు.

నా ట్రాక్టర్‌లో పాటల పెన్‌డ్రైవు ఒకటుంది. గోరంతే ఉంటుంది. తాళం తిప్పితే చాలు, తప్పెట్ల పాట దానంతటదే మొదలవుతుంది. ఇది ల్యాప్‌టాప్‌కి పెడితే పొద్దున్నే వినీల మీట నొక్కగానే తప్పెట్లు మోగి పిల్ల ఎగిరి పడుతుందని నా లెక్క. మా సముద్రపు గాలికి ఏ ఇత్తడైనా నెలలో పచ్చగా తుప్పు పడుతుంది. అందుకని ఏరియేటర్ ప్లగ్గు పిన్నులకు గ్రీజు పూసి గాని పెట్టం. టార్చిలైటు బ్యాటరీలకు కూడా పూస్తానని పెంచలకృష్ణ నన్ను ఎగతాళి చేస్తుంటాడు. ఆ అలవాటు కొద్దీ పెన్‌డ్రైవు మూతికి ఎర్ర గ్రీజు పూసి, ల్యాప్‌టాప్ వెనక మూల ఉన్న సందులో నొక్కేశాను.

పొద్దున పాట రాలేదు. తెర మీద ల్యాప్‌టాప్ కంపెనీ గుర్తు వచ్చి, దాని కింద చిన్న గుండ్రం తొమ్మిది నిమిషాలు తిరిగింది. వినీల తొమ్మిదీ నాలుగుకి లాగిన్ అయ్యింది. మొదటి ఆలస్యం. నేనేమో నా వేళాకోళం బెడిసికొట్టిందని బాధపడి మరిచిపోయాను. పాట ఉన్నా లేకపోయినా నా ట్రాక్టర్ ఒకేలా స్టార్టవుతుంది. గోరంత పాటల ముక్క అంత యంత్రాన్ని ఆపుతుందని నాకెలా తోస్తుంది?

వినీల రోజూ జడ్సన్‌కి ఫోన్ చేసేది. అతను చెప్పినవన్నీ చేసింది. తెరుచుకోగానే నడిచే యాప్‌లు ఆపింది, అప్‌డేట్లు పెట్టింది, ఏవైనా గుచ్చి ఉంటే పీకమంటే పక్కనున్న మౌసు ముక్క పీకింది. వెనక మూల చూసే పని ఆమెకేముంది, అక్కడ తను ఏమీ పెట్టలేదు కదా. గుండ్రం తిరగడం ఇరవై నిమిషాలకు పెరిగింది. ఆపకుండానే ఉంచుదామంటే రాత్రి కరెంటు పోయి పాత బ్యాటరీ చచ్చేది. రెండో ఆలస్యం పడింది. పదకొండో రోజు ఏడింటికే మీట నొక్కితే ఏడున్నర దాటినా గుండ్రం తిరుగుతూనే ఉంది. పెంచలకృష్ణ లేచి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకున్నాడు. జడ్సన్ పాత డిస్కు అంటగట్టాడని వాడి నమ్మకం. కిందటేడు గుంట కాలవ తగాదాలో ఒకడి దవడ విరగ్గొట్టినవాడు. ఒంటరిగా పంపకూడదని నేనూ వినీలా ట్రాలీ ఆటో ఎక్కాం.

మేం చేరేసరికి ఎనిమిదీ పదిహేను. ఆ తర్వాత జరిగిందే మొదట చెప్పాను.

అద్దం ముక్కల్లో పడ్డ జడ్సన్‌ను పెంచలకృష్ణ కాలరు పట్టి గడప దాకా ఈడ్చాడు. షట్టర్ సగం దించాడు. జడ్సన్ కుడి చెయ్యి గడప ఇనుము మీద పరిచి, మణికట్టు మీద మోకాలు పెట్టి, షట్టర్ పిడి మీద చెయ్యి వేశాడు. బజారులో జనం ఆగి చూస్తున్నారు. ఒక్కరూ దగ్గరికి రాలేదు.

"పాతది అమ్మినానని ఒప్పుకో," అన్నాడు పెంచలకృష్ణ.

జడ్సన్ నోట్లో రక్తం ఊసి, కొత్త డిస్కు సీలు వినీలక్క ముందరే చించానని చెప్పాడు. ఆ వేళ్లతోనే బతికేవాడు. అయినా అబద్ధం ఒప్పుకోలేదు.

"అన్నా, డిస్కు చెడిపోయుంటే తెరుచుకున్నాక గూడా ఈడ్చాల. తెరుచుకున్నాక బాగనే నడస్తా ఉండాది గదా. మొదుట్లోనే నిలబడిపోతా ఉందంటే బయట గుచ్చిందేదో చదవలేక దాన్నే పట్టుకోనుండాది. అక్కా, మౌసుది గాక ఇంకేమన్నా పెట్టినారా దానికి?"

"నేనేం పెట్టలేదు," అంది వినీల ఏడుస్తూ.

అప్పుడు తెలిసింది నాకు. చెప్పాలి. చెబితే ఆ షట్టర్ కిందికి నా చెయ్యి వస్తుంది. మూడు ఊపిర్ల సేపు నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను మాట్లాడకుండా ఉన్నది ఆ మూడు ఊపిర్లే.

షట్టర్ పడింది. ఎండ్రకాయ కాలు కొరికినప్పటి చప్పుడు. జడ్సన్ అరుపు బస్టాండు దాకా వినిపించిందట.

"ఆపరా," అన్నాను. "నేను పెట్టినా. నా ట్రాక్టరు పాటల పెన్‌డ్రైవు, దాని వెనకాల ఉండాది."

పెంచలకృష్ణ నా వైపు తిరిగి కూడా చూడలేదు. "మొసలి కతలు ఇప్పుడొద్దు మామా," అని షట్టర్ మళ్లీ పైకెత్తాడు.

నేను వాడి మీద పడ్డాను. వెనక్కి విసిరిన మోచెయ్యి నా నోటికి తగిలి ముందు పళ్లు రెండు ఊడాయి. పాకుతూ బల్ల దగ్గరికి పోయి, ల్యాప్‌టాప్ వెనక మూల తడిమి, పెన్‌డ్రైవు పీకి, నా రక్తంతో సహా వాడి ముక్కు కింద పెట్టాను. దాని మూతికి ఎర్ర గ్రీజు. వాడు వాసన చూశాడు. మా షెడ్డు గ్రీజు. పెన్‌డ్రైవుకి గ్రీజు పూసే మనిషి ఈ భూమ్మీద ఒక్కడేనని వాడికి తెలుసు.

వినీల మీట గట్టిగా అదిమి ఆపి, మళ్లీ నొక్కింది. తెర మీద కంపెనీ గుర్తు పడింది. గుండ్రం ఒక్క చుట్టు తిరిగింది. జడ్సన్ గడప మీద పడి, పళ్ల సందుల్లోంచి లెక్కపెట్టాడు. "పది. పదకొండు." తెర వెలిగింది.

తర్వాత పెంచలకృష్ణ నన్ను కొట్టాడు. పిడికిలితో, కాలితో, చివరికి విరిగిన కుర్చీ కాలుతో. నా పక్కటెముక చప్పుడు కూడా నేను విన్నాను. నేను అడ్డుపెట్టుకోలేదు. ఆపింది, అప్పుడే పక్కన తన కుట్టుషాపు తెరిచి, చూసి పరిగెత్తుకొచ్చిన జడ్సన్ భార్య అబిగయీలు. గుడ్డలు కత్తిరించే పెద్ద ఇనుప కత్తెర తిరగేసి, పిడితో వాడి నుదుటి మీద కొట్టింది. రెండోసారి కొట్టింది. వాడు చెయ్యెత్తలేదు. కన్ను నిండా రక్తంతోనే జడ్సన్‌ను ఎత్తుకుని ట్రాలీలో వేసుకుని, ఆమెతో కలిసి గూడూరు ఆస్పత్రికి పోనిచ్చాడు.

ఎనిమిదీ యాభై రెండు. వినీల మీటల మీది రక్తం చున్నీతో తుడిచింది.

"లాగిన్ గామ్మా," అన్నాను కింద పడే.

"నువ్వు నోరు మూసుకో మామా," అంది. ఫోన్ నెట్ కలుపుకుంది. తొమ్మిదికి రెండు నిమిషాలుండగా ల్యాప్‌టాప్ ఆమె ఫొటో తీసింది. ఆ ఫొటోలో ఆమె వెనక, పగిలిన అద్దాల మధ్య, నోరంతా రక్తంతో నేనూ ఉన్నాను. మీ దగ్గర ఏమైనా సమస్యా అని కంపెనీవాళ్లు అడిగారట. ల్యాప్‌టాప్ ఆలస్యంగా తెరుచుకునేది, ఇప్పుడు సరైంది అని రాసి, సాయంత్రం దాకా ఆ షాపులోనే కూర్చుని పని చేసింది.

అబిగయీలు కేసు పెట్టింది. సాక్షి సంతకం నాది. పెంచలకృష్ణ నెల రోజులు జైల్లో ఉన్నాడు. మా అక్క నాతో మాట్లాడటం మానేసింది. జడ్సన్ చూపుడువేలు మొదటి కణుపు తీసేశారు, నలిగిన మిగతా రెండు వేళ్లకీ కట్టు కట్టారు. నా పేరు ముద్దాయిగా పెట్టించలేదు అతను. వేళ్లు కుదిరేదాకా రోజూ షాపుకి రమ్మన్నాడు.

వెళ్తున్నాను. అతను చెబుతాడు, నేను స్క్రూలు విప్పుతాను. ముందు పళ్లు లేని నా నవ్వు చూసి వచ్చినవాళ్లు కొత్త వేళాకోళమేదో అనుకుంటారు. ఏ యంత్రం ముట్టుకోబోయినా ముందు ఒకటే మాట.

"చేతులు చూపించు మామా."

చూపిస్తాను. గ్రీజు లేదని వెలుతురులో తిప్పి చూసుకున్నాకే స్క్రూడ్రైవర్ ఇస్తాడు. షాపు మూసేటప్పుడు సాయానికి పోతే మాత్రం ఒప్పుకోడు. షట్టర్ అతనే, ఎడమ చేత్తో, చప్పుడు కాకుండా దించుతాడు. అది నేల తాకేదాకా నేను నా చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడతాను.