అరగని రిమ్ములు

తూకాల మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. కొట్లకీ, గోదాములకీ, ఆసుపత్రులకీ తిరిగి తూకం యంత్రాలు సరిచేసే మనిషి. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆయనకి నిద్ర పట్టదు. అలాంటి మనిషి తొమ్మిదేళ్ళ కిందట ఐదు నెలల జీతం ఒక్కసారే పోసి రేసు సైకిలు కొన్నాడు. ఒంటి చేత్తో ఎత్తి భుజాన వేసుకునేంత తేలిక. బ్రేకు నొక్కితే రెండు రబ్బరు ముక్కలు అటూ ఇటూ వచ్చి చక్రం అంచును, అంటే రిమ్మును, గట్టిగా పట్టుకుంటాయి. అప్పట్లో గొప్ప సైకిళ్ళన్నీ అలాంటివే.

"బాగా చూసుకుంటే ఎప్పుడమ్మినా సగం డబ్బు చేతికొస్తుంది," అని భార్యకి నచ్చజెప్పాడు.

అంతవరకూ బాగానే ఉంది. బ్రేకు వేసిన ప్రతిసారీ రిమ్ము పిసరంత అరుగుతుందనీ, అరిగిన రిమ్ముకి ధర పలకదనీ ఆయన ఎక్కడో చదివాడు. చదవకపోయినా బాగుండేది. ఆ రోజు నుంచీ నెలకోసారి పనిసంచీలోని కొలత పరికరం తీసి రిమ్ము మందం చూసుకునేవాడు. వానలో సైకిలు తీయడు. పల్లపు దారుల్లోకి దిగడు. ఊరి బయట ఆగే అవసరం లేని తిన్నని రోడ్డు మీద ఒక్కడే వెళ్ళి ఒక్కడే వచ్చేవాడు. ఇల్లు చేరేటప్పుడు కూడా వీధి మొదట్లోనే తొక్కడం మానేసి, కాలు నేలకి రాసుకుంటూ ఆగేవాడు. చెప్పులు అరిగితే అరిగాయి గాని రిమ్ములు అరక్కూడదు.

ఆవిడకీ ఒక మామూలు సైకిలుండేది. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేసే ఉద్యోగం. వారమంతా చిరునామాలు చూసి చూసి, ఆదివారం పొద్దున్నే కాలవగట్టు మీదికి వెళ్ళేది. ఆవిడ తొక్కేది తక్కువ, ఆగేది ఎక్కువ. కొంగ వాలితే ఆగాలి. ఎవరి గోడ మీదనో కొత్త పువ్వు కనిపిస్తే ఆగాలి. సైకిలు కొన్న కొత్తలో ఆయన్నీ ఒకసారి వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆరు కిలోమీటర్ల దారిలో ఆయన ముప్ఫై నాలుగు సార్లు బ్రేకు వేయాల్సి వచ్చింది. లెక్కపెట్టాడు మరి, ఊరికే ఉంటాడా!

ఆ తర్వాత ఆవిడ రమ్మన్నప్పుడల్లా ఒకసారి మోకాలు నొప్పి, ఒకసారి పని. రిమ్ముల సంగతి మాత్రం నోరు జారలేదు. చెబితే పగలబడి నవ్వుతుందని ఆయన భయం. రెండేళ్ళు ఆవిడ ప్రతి శనివారం రాత్రీ అడిగింది. తర్వాత మానేసింది. నిజం చెప్పాలంటే ఆయనకి అప్పుడు హాయిగానే అనిపించింది.

నిరుడు ఆవిడకి చూపు పోయింది. కంట్లో ఒత్తిడి అన్నారు. పక్కల నుంచి చీకటి మెల్లగా కమ్ముకుంటూ వచ్చి, చివరికి పగలో రాత్రో తెలిసేంత చూపే మిగిలింది. దాచుకున్నదంతా వైద్యానికి పోయింది. ఉద్యోగం మానేసింది, సైకిలు పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది, నాకిది కావాలని ఏనాడూ అడగలేదు. మొన్న మాత్రం కిటికీ దగ్గర కూర్చుని అంది:

"ఏమండీ, ఇద్దరు కలిసి తొక్కే సైకిళ్ళుంటాయట కదా. ముందు మీరు, వెనక నేను. మొహానికి గాలి తగిలి ఏడాది దాటింది."

మర్నాడు పొద్దున్నే ఆయన, అమ్మేసి వస్తానని ఆవిడకి చెప్పి, తన సైకిలు నడిపించుకుంటూ బజారుకి వెళ్ళాడు. సైకిళ్ళ కొట్టులో పాత జంట సైకిలు ఒకటి ఉంది. దీన్ని అమ్మి దాన్ని తెచ్చుకోవాలి. తొమ్మిదేళ్ళు కంటికి రెప్పలా కాచుకున్నది ఇవాళ్టి కోసమేనేమో అనుకున్నాడు, పిచ్చి మనిషి.

కొట్టాయన చక్రం తిప్పి చూశాడు. రిమ్ము మీద బొటనవేలు రాశాడు.

"గురువుగారూ, దీన్ని తొక్కారా, ఉయ్యాల్లో వేసి ఊపారా? వీసమెత్తు అరగలేదు!"

ఆ మాటకి మాస్టారి ఛాతీ ఉబ్బింది. "మరి ఎంతొస్తుంది?"

కొట్టాయన తల గోక్కున్నాడు. కొన్న ధరలో పదో వంతు చెప్పాడు. అది కూడా మొహమాటానికి.

"అదేంటయ్యా! అరగలేదని నువ్వే అన్నావుగా?"

"అరిగినదానికీ అంతేనండీ. ఇప్పుడందరూ రిమ్ము జోలికే పోని డిస్కు బ్రేకులే అడుగుతున్నారు. ఈ రకం బ్రేకే వద్దంటుంటే రిమ్ము మందం ఎవరు చూస్తారు? అవిగో, పైన మూడు వేలాడుతున్నాయి. అడిగే నాథుడు లేడు." జాలిపడ్డట్టు అన్నాడు. "హాయిగా తొక్కేసుకోవాల్సిందండీ."

జంట సైకిలు ధర ఆయన చెప్పినదానికి నాలుగింతలు. అరువు అడగడానికి నోరు రాలేదు. మాస్టారు దాని వెనక సీటు మీద ఒకసారి చెయ్యి వేసి, తన సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చేశాడు.

ఆవిడ చక్రం చప్పుడు గుర్తుపట్టింది. "అమ్ముడుపోలేదా?"

ఆయన ధర చెప్పాడు.

"అంత తక్కువా? బాగా అరిగిపోయిందేమో."

"అరగలేదు," అన్నాడు ఆయన. ఇక దాచడానికి ఏం మిగిలిందని? గడపలోనే కూలబడ్డాడు. "నీతో వస్తే మాటిమాటికీ బ్రేకు వేయాలి. రిమ్ములు అరుగుతాయని రాలేదు. మోకాలు నొప్పీ లేదు, ఏమీ లేదు. నేను చేసిందంతా తప్పే."

ఆవిడ నవ్వలేదు.

"నేను నెమ్మదని మీకు విసుగనుకున్నాను," అంది. "అందుకే అడగడం మానేసి, ఆగకుండా తొక్కడం నేర్చుకున్నాను. మీకు సమానంగా వచ్చేంత వేగం పుంజుకున్నాక చెబుదామనుకున్నాను. ఐదేళ్ళండీ, ప్రతి ఆదివారం. ఆలస్యమవుతుందని గట్టు పక్కన ఏముందో తల తిప్పి చూసేదాన్ని కూడా కాదు."